ఝంఝకు పదికి పది

భీమవరంలో కారు కొనదలచినవాడు కారును తిడతాడు. కొనే ఉద్దేశం బొత్తిగా లేనివాడే మెచ్చుకుంటాడు. ఈ సత్యాన్ని ఏ విశ్వవిద్యాలయమూ బోధించకపోయినా ఆరోహణ మోటార్స్ షోరూం సేల్స్ మేనేజరు విజయ్ పాల్ గారు ఉద్యోగంలో చేరిన కొత్తలోనే గ్రహించారు. "ఆహా, ఏం బండండీ, విమానంలా ఉంది" అన్న పెద్దమనిషికి ఆయన టీ ఇప్పించి, గుమ్మం దాకా సాగనంపి, వచ్చి తన కుర్చీలో కూర్చునేవారు. "ఇదేం డిక్కీ అండీ, నాలుగు మేత బస్తాలు కూడా పట్టేలా లేవు, దీన్ని కారని ఎవరన్నారు?" అని విసుక్కున్నవాడికి మాత్రం కుర్చీ వేయించి, ఏసీ పెంచి, బుకింగ్ కాగితాలు తెప్పించేవారు.

విజయ్ పాల్ గారిది నరసాపురం. తండ్రి లూథరన్ బడిలో తెలుగు మేష్టారు. ఎదుటివారిని నొప్పించే మాట నోట రాకూడదన్నది ఆ ఇంట్లో పదకొండో ఆజ్ఞ. మిగతా పది ఆజ్ఞల విషయంలో మేష్టారు కాస్త చూసీ చూడనట్టు పోయేవారు గాని దీని దగ్గర మాత్రం బెత్తం తీసేవారు. ఫలితంగా విజయ్ పాల్ గారు జీవితంలో ఎవరికీ ముఖం మీద "వద్దు" అని చెప్పి ఎరగరు. వద్దనలేక చర్చి గాయకబృందంలో చేరారు, గొంతు లేకపోయినా. వద్దనలేక బి.కాం. చదివారు. మోపెడ్లు అమ్మే చుట్టం ఒకాయన "మా కొట్లో కూర్చోరాదూ" అంటే వద్దనలేక కూర్చున్నారు. అక్కడి నుంచి మోటారు సైకిళ్ళు, వాటి మీదుగా కార్లు. ఒక్క ఆశాజ్యోతి గారిని పెళ్ళి చేసుకోవడంలో మాత్రం వద్దనాలన్న కోరిక ఆయనకు కలగలేదు. ఆవిడ ఊళ్ళోనే హైస్కూల్లో లెక్కల టీచరు. ఇద్దరి తరఫునా ఎవరికైనా వద్దని చెప్పాల్సి వస్తే ఆ బాధ్యత ఆవిడదే.

ఆ షోరూంలో అమ్ముడయ్యేది ఒకటే బండి. పేరు పరివార్. ఏడుగురు కూర్చుంటారని కంపెనీ రాసుకుంది. రొయ్యల చెరువుల వాళ్ళు ఆ అంకెను సలహాగా మాత్రమే స్వీకరించి పదకొండు మందిని ఎక్కించేవారు. చెరువు గట్టు మీద, కాలవ రోడ్డు మీద, పెళ్ళికి, చెరువులో రొయ్యల పట్టుబడికి, ఆస్పత్రికి అన్నిటికీ అదే. దానికి ఒక్కటే లోపం: ఎత్తు చాలదు. గట్టు మీద గుంట వస్తే కింద రాసుకుంటుంది. కొత్త పరివార్ ఎత్తుగా వస్తుందని విజయ్ పాల్ గారు అందరికీ చెబుతూనే ఉన్నారు. ఊళ్ళో సగం మంది పాత బండిని ఈడ్చుకుంటూ ఆ మాట మీదే కాచుకుని ఉన్నారు.

అలాంటి రోజుల్లో పుణెలోని కంపెనీ హెడ్డాఫీసుకు ఒక ధర్మసందేహం వచ్చింది. ఉన్న పెట్టుబడితో కొత్త పరివార్ తయారుచేయడమా, లేక రెండు సీట్ల స్పోర్ట్స్ కారు ఒకటి చేయడమా? రెండూ చేయడానికి తాహతు లేదు. స్పోర్ట్స్ కారుకు పేరు కూడా పెట్టేసుకున్నారు: ఝంఝ. నిర్ణయం శాస్త్రీయంగా ఉండాలి కాబట్టి జనాన్నే అడుగుదామనుకున్నారు. రెండు బండ్లకూ ఫైబరు నమూనాలు చేసి, కొన్ని ఊళ్ళలో జనాన్ని పిలిచి చూపించి, మార్కులు వేయించాలి. ఈ వ్యవహారాన్ని క్లినిక్ అంటారట. భీమవరం దానికి ఎంపికైంది.

క్లినిక్ నడపడానికి వచ్చినవాడు మురళీకృష్ణ. ముప్ఫై దాటిన కుర్రవాడు, కంపెనీలో కొత్త మోడళ్ళ ప్రణాళిక చూస్తాడు. పుణెలోనే పుట్టి పెరిగాడు గాని ఇంట్లో తెలుగే. హాలు బుక్ చేయమంటే విజయ్ పాల్ గారు కల్యాణమండపం బుక్ చేశారు. డెకరేషన్ వాళ్ళు అలవాటు కొద్దీ ఝంఝను వేదిక మీద, వధూవరులు కూర్చునే చోట, పూల తెర ముందు నిలబెట్టారు. పరివార్‌ను చేతులు కడుక్కునే కుళాయిల పక్కకి తోశారు.

జనం వచ్చేలోగా విజయ్ పాల్ గారు అడగవలసినది అడిగారు.

"అయితే సార్, ఈ రెండు సీట్ల బండి ఎవరు కొంటారంటారు?"

"ఎవరూ పెద్దగా కొనరండి" అన్నాడు మురళీకృష్ణ, ఎంతో ఉత్సాహంగా.

విజయ్ పాల్ గారు సానుభూతిగా చూశారు.

"కొనడానికి కాదండి అది. షోరూంలో అద్దాల వెనక పెడతాం. జనం దాన్ని చూడటానికి వస్తారు, పక్కనున్న మామూలు బండి కొనుక్కుపోతారు. ఆ ఒక్క కారు వల్ల కంపెనీ మొత్తానికి ఒక వెలుగు వస్తుంది. హేలో అంటాం."

విజయ్ పాల్ గారికి సండే స్కూలు గోడ మీది పటంలో పరిశుద్ధుల తల వెనక ఉండే బంగారు చక్రం గుర్తుకొచ్చింది. ఆ పటంలో చక్రంతో పాటు తల కూడా ఉండేది. "మరి పక్కన కొనడానికి పరివార్ ఉండాలి కదండీ?" అని అడుగుదామనుకున్నారు. కాని కుర్రవాడి ముఖం వెలిగిపోతోంది. అంత వెలుతురు మీద నీళ్ళు చల్లడం మర్యాద కాదనిపించి ఊరుకున్నారు.

జనం పెళ్ళికి వచ్చినట్టే వచ్చారు. పట్టుచీరలు కట్టుకొచ్చారు. ఇద్దరు ముగ్గురు చదివింపులు ఎవరికివ్వాలని వాకబు చేశారు. అందరూ వేదిక ఎక్కి, ఝంఝను చూసి, ఫోటోలు దిగి, ఆశీర్వదించినంత పని చేసి కిందికి దిగారు.

పొలిటికల్ సైన్సు లెక్చరరుగా రిటైరై రొయ్యల చెరువుల్లోకి దిగిన జగన్నాథరావు గారు భారీ మనిషి. ఆయన ఝంఝలోకి వెళ్ళడమైతే వెళ్ళారు. తర్వాత మోకాళ్ళు గడ్డం దగ్గరికి వచ్చి, బయటికి రావడం ఒక రాజ్యాంగ సమస్యగా పరిణమించింది.

"ఎలా ఉందండీ?" అని అడిగాడు మురళీకృష్ణ, తలుపు దగ్గర వంగి.

"పరమ సుఖంగా ఉందండి" అన్నారు లోపలి నుంచి జగన్నాథరావు గారు, ఊపిరి కూడదీసుకుంటూ. "పువ్వులో కూర్చున్నట్టుంది. మీరేమీ అనుకోకపోతే ఆ కాలొకటి అటువైపు నుంచి లాగండి."

ముగ్గురు కలిసి లాగారు. ఆయన చొక్కా సర్దుకుని పదికి పది వేశారు.

తర్వాత రత్తమ్మ గారు వచ్చారు. ఐస్ ఫ్యాక్టరీ యజమానురాలు. భర్త పోయాక ఫ్యాక్టరీని, ఇద్దరు కొడుకులను, ముగ్గురు మరుదులను ఒంటిచేత్తో నడుపుతున్న మనిషి. కొత్త పరివార్ కోసం అందరికంటే ఆత్రంగా కాచుకున్నది ఆవిడే.

"రెండే సీట్లా బాబూ?"

"అవునండి."

"చాలా మంచిదండీ. దారిలో ఎవరైనా చెయ్యెత్తినా ఆపే పని లేదు. పేరేంటన్నారు?"

"ఝంఝ అండి. అంటే తుఫాను గాలి."

"ఎంత బావుందో పేరు. మాకు ఏటా కార్తీకంలో వస్తూనే ఉంటుందండి" అన్నారు రత్తమ్మ గారు. ఆవిడా పదికి పది వేశారు.

కుళాయిల దగ్గర దృశ్యం వేరుగా ఉంది. భోజనాలు చేసి చేతులు కడుక్కున్న వాళ్ళందరూ తడి చేత్తో పరివార్‌ను ఒకటి చరిచి నోరు విప్పారు. ఎత్తు ఇంకా చాలదన్నారు. వెనక సీటు ముసలమ్మకు ఎక్కరాదన్నారు. డిక్కీలో ఐస్ పెట్టె పెడితే తలుపు పడదన్నారు. రత్తమ్మ గారైతే దాని చుట్టూ తిరుగుతూ అరగంట తిట్టారు. అందరూ రెండు, మూడు, మహా అయితే నాలుగు మార్కులు వేశారు. విజయ్ పాల్ గారికి ఆ తిట్లు వింటుంటే ప్రాణం లేచొచ్చింది. కొత్త పరివార్ రావడం ఖాయమనుకున్నారు. ఇంత స్పష్టంగా చెప్పాక ఎవరికి మాత్రం అర్థం కాదు?

సాయంత్రం నమూనాలను లారీ ఎక్కిస్తుండగా మురళీకృష్ణ ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"ఇన్నేళ్ళుగా అమ్ముతున్నారు. మీ మాటేంటండి? ఝంఝ ఎలా ఉంది? నిజం చెప్పండి."

పరాయి ఊరి నుంచి వచ్చిన మనిషి, అంత దూరం నుంచి బండి తెచ్చి చూపించినవాడు, పొద్దున్నుంచీ నిలబడే ఉన్నాడు. విజయ్ పాల్ గారి నోరు తెరుచుకుంది.

"అద్భుతమండి" అంది నోరు.

కొన్ని వారాల తర్వాత మురళీకృష్ణ ఫోను చేశాడు. గొంతులో పండగ.

"సార్, మిగతా ఊళ్ళలో ఝంఝకి ఐదు కూడా దాటలేదు. మా వాళ్ళు వదిలేద్దామనుకున్నారు. మీ భీమవరమే నిలబెట్టిందండి! చిన్న ఊళ్ళలో, రొయ్యల రైతుల్లో స్పోర్ట్స్ కారుకి ఇంత ఆకలి ఉందని మా ఛైర్మన్ గారు ఆశ్చర్యపోయారు. అసలైన మార్కెట్టు అక్కడే ఉందంటున్నారు. వచ్చే నెల బోర్డు మీటింగు. సంతకాలైపోతే పరివార్ ఆపేస్తాం. ఎలాగూ మీ వాళ్ళకది నచ్చలేదు కదా."

విజయ్ పాల్ గారు కుర్చీలో కూలబడ్డారు. పరివార్ లేకపోతే ఆ షోరూంకు తాళం పడుతుంది. యాభైకి దగ్గరపడుతున్న వయసులో తను ఏ ఊరు పోయి ఏం అమ్మాలి? అంతకంటే ముందు, తన మాట నమ్మి కాచుకున్న ఊరికి ఏ ముఖం పెట్టుకుని ఎదురుపడాలి?

"అంటే సార్..." అని మొదలుపెట్టారు. "ఝంఝ బాగుందనుకోండి. బాగోలేదని ఎవరంటారు? కాకపోతే మావాళ్ళు కాస్త... పరివార్ని కూడా... మీకు తెలియనిదేముంది..."

"మీ ఆవేదన అర్థమైంది సార్" అన్నాడు మురళీకృష్ణ. "మొదటి ఝంఝ మీ షోరూంకే పంపిస్తాను." ఫోను పెట్టేశాడు.

ఇంట్లో ఆశాజ్యోతి గారు పరీక్ష పేపర్లు దిద్దుతూ అంతా విన్నారు.

"ఇప్పుడే మళ్ళీ ఫోను చేసి, ఆ బండి ఎవరూ కొనరు బాబూ అని చెప్పండి."

"మొహం మీద ఎలా చెబుతాం జ్యోతీ? అతిథి కదా."

"ఫోన్లో మొహం ఎక్కడుందండీ?"

"ఉందనుకోవాలి."

ఆవిడ ఎర్ర పెన్ను కింద పెట్టారు. "పోనీ మీరు చెప్పలేకపోతే రత్తమ్మ గారు చెబుతారుగా. మొన్న వాళ్ళ మేనల్లుడి గృహప్రవేశంలో మెట్ల దగ్గర్నుంచి ట్యాంకు దాకా ఆ ఇంటిని ఎన్ని మాటలన్నారు! పక్కవాళ్ళ ఇల్లయితే ఇంద్రభవనం అనేవారు. మనవాడు కాబట్టి అన్నారు."

"మురళీకృష్ణ గారు ఆవిడకి మనవాడు కాదు కదా."

"ఎవరు చెప్పారు? అడిగారా?"

విజయ్ పాల్ గారు భార్య వైపు చూశారు. లెక్కల టీచర్లతో ఇదే ఇబ్బంది. జవాబు వాళ్ళ దగ్గర ముందే ఉంటుంది.

మురళీకృష్ణ ఆ పక్షంలోనే కాకినాడకు ఏదో పని మీద వస్తున్నాడు. విజయ్ పాల్ గారు ఏ తడబాటూ లేకుండా ఫోను చేసి, దారిలో తమ ఇంట భోజనం చేసి తీరాలన్నారు. వద్దనడం చేతకాకపోయినా రమ్మనడంలో ఆయనకు సాటి లేదు. ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి రత్తమ్మ గారు, జగన్నాథరావు గారు హాల్లో కూర్చుని ఉన్నారు. రొయ్యల ఇగురు, కొరమేను పులుసు పొయ్యి మీది నుంచి దిగుతున్నాయి.

మొదటి వడ్డన దౌత్యమర్యాదలతో సాగింది. జగన్నాథరావు గారు ఝంఝ సీటును ఇంకోసారి పొగిడారు. రత్తమ్మ గారు రంగును పొగిడారు. మురళీకృష్ణ ముఖం చేటంత అయింది. అప్పుడు విజయ్ పాల్ గారు పెరుగు గిన్నె అందిస్తూ, వాతావరణం గురించి అడిగినట్టు అడిగారు.

"మీ పెద్దలది అసలు ఏ ఊరండీ?"

"నాన్నగారు ఉద్యోగానికి పుణె వచ్చేశారండి. తాతగారి వాళ్ళది ఇటేనట. పాలకోడేరో ఏదో అనేవారు."

రత్తమ్మ గారి చెయ్యి విస్తట్లో ఆగిపోయింది.

"ఇంటిపేరు?"

"కొత్తపల్లి అండి."

"పాలకోడేరు కొత్తపల్లి వారా? మీ నాయనమ్మ పేరు?"

"మాణిక్యాంబ గారండి."

ఆ తర్వాత జరిగింది న్యాయస్థానాల్లో జరిగే విచారణకు ఏమాత్రం తీసిపోదు. చెరువు వైపు ఇల్లా, లాకుల వైపు ఇల్లా? నాయనమ్మకు కుడి కన్ను కాస్త మెల్లా? ఆవిడ అన్నగారు హార్మోనియం వాయించేవారా? సాక్షి కొన్నిటికి అవునన్నాడు, కొన్నిటికి నాన్నకు ఫోను చేసి అవునన్నాడు. రత్తమ్మ గారు తీర్పు చెప్పారు.

"మా అమ్మా, మీ నాయనమ్మా పక్కపక్క ఇళ్ళలో పెరిగారు. ఒకే కంచంలో తిన్నారు. మీ నాన్న నాకు అన్నయ్య అవుతాడు. నువ్వు నాకు మేనల్లుడివిరా!"

మురళీకృష్ణ సంతోషంగా "అత్తయ్యా" అన్నాడు పాపం. ఆ మాటతో ఏ తలుపు గొళ్ళెం తీశాడో అతనికి తెలియదు.

"ఒరేయ్ మురళీ" అన్నారు రత్తమ్మ గారు, ఎంగిలి చేత్తోనే వేలు చూపిస్తూ. "ఆ బండేంట్రా? బండా అది? దాంట్లోకి ఎక్కుతార్రా, దిగుతార్రా? చెరువు గట్టు మీదికి తీసుకెళ్తే రొయ్యలు నవ్వుతాయి. రెండు సీట్లంట! మీ అమ్మని ఏం చేద్దామనిరా, పైన కట్టుకుంటావా?"

"అత్తయ్యా, మీరు పదికి పది వేశారు!"

"వెయ్యనా మరి? అంత దూరం నుంచి వచ్చి, పూలు కట్టి చూపిస్తుంటే బాగోలేదని రాస్తామా? మేం మనుషులం కాదూ?"

"మరి పరివార్‌కి మూడు..."

"అది మనది రా. మన బండిని మనమే పొగుడుకుంటామేంటి, సిగ్గు లేకుండా? ఎత్తు పెంచండి, వెనక సీటు సరిచెయ్యండి అని చెప్పాను. కొననిదానికి అంతసేపు వంకలు పెట్టే తీరిక ఎవరికుందిరా?"

మురళీకృష్ణ ఆశగా జగన్నాథరావు గారి వైపు తిరిగాడు. బంధుత్వం ఇలా కలిశాక ఆయనకూ ప్రజాస్వామిక స్వేచ్ఛ లభించింది. "బాబూ, ఆ రోజు నా నడుం పట్టింది ఇంకా వదల్లేదు" అన్నారు. "అదేం సీటు నాయనా, నేరస్తుల కోసం చేయించారా?"

కుర్రవాడు చాలాసేపు పెరుగన్నం కెలికాడు. తర్వాత విజయ్ పాల్ గారి వైపు చూశాడు. "మీరు కూడా అద్భుతమన్నారు సార్."

విజయ్ పాల్ గారు సమాధానంగా ఇంకో గరిటె పెరుగు వేశారు.

బోర్డు మీటింగులో మురళీకృష్ణ లేచి, భీమవరం మార్కులను తలకిందులు చేసి చదవాలని మనవి చేశాడు. గణాంకాల వాళ్ళు దానికి సిద్ధాంతపరమైన ఆధారం అడిగారు. తన మేనత్త చెప్పిందన్నాడు. గదిలో ఉన్నవారిలో సగం మందికి మేనత్తలు ఉండటం వల్ల అభ్యంతరం వీగిపోయింది. భీమవరం పదులు పోయాక ఝంఝ వైపు మిగిలింది ఛైర్మన్ గారొక్కరే. ఆయనకు దాని ముందు వైపు కోటేరు ముక్కంటే ప్రేమ. పైగా ఆ ముక్కు అచ్చులు అప్పటికే చేయించేశారు, వాటిని పారేయడానికి ఎవరికీ మనసొప్పలేదు. అంచేత కంపెనీ ఎంతో శాస్త్రీయంగా ఒక మధ్యేమార్గం కనిపెట్టింది. కొత్త పరివార్ చేస్తారు, ఎత్తు పెంచుతారు, దానికి ఝంఝ ముక్కు తగిలిస్తారు. సీట్లకు ఎర్ర దారపు కుట్టు, వెనక రెండు పొగగొట్టాలు, తలుపు మీద స్పోర్ట్ అనే బిళ్ళ.

బండి వచ్చిన రోజు షోరూం బయట రోడ్డు మీద వాహనాలు నిలిచిపోయాయి. మొదటి పరివార్ స్పోర్ట్ రత్తమ్మ గారికే ఇచ్చారు. ఆవిడ కొడుకులు ఎర్ర కుట్టు మాయకుండా అక్కడికక్కడే ప్లాస్టిక్ తొడుగులు తొడిగారు. పూజ అయ్యాక తొమ్మండుగురు ఎక్కారు, వెనక రెండు ఐస్ పెట్టెలు పెట్టారు, తలుపు పడింది. బండి ఎక్కడా రాసుకోకుండా గట్టు దారి పట్టింది. విజయ్ పాల్ గారు గేటు దగ్గర నిలబడి అది మలుపు తిరిగేదాకా చూశారు. షోరూం నిలిచింది. తన మాటా నిలిచింది.

అప్పుడే పుణె నుంచి ఫోను.

"ఎలా ఉందండీ మన బండి?" అన్నాడు మురళీకృష్ణ. ఆ "మన"లో కొంచెం భయం ఉంది.

"అ..." అని విజయ్ పాల్ గారి నోరు అలవాటు చొప్పున తెరుచుకుంది. అక్కడే ఆగింది. ఆయన చుట్టూ చూశారు. ఆశాజ్యోతి గారు స్కూల్లో ఉన్నారు. రత్తమ్మ గారు గట్టు మీద ఉన్నారు. ఇక్కడ తనొక్కడే ఉన్నాడు.

"ఎత్తు సరిపోయింది బాబూ" అన్నారు. "వెనక సీటు సుఖంగా ఉంది. ఆ రెండో పొగగొట్టం మాత్రం ఉత్త డమ్మీ అని ఇక్కడ అందరికీ తెలిసిపోయింది. దండగ. తీసేయండి."

నొప్పించానేమో, క్షమాపణ చెబుదామా అని ఆయన అనుకుంటుండగా అటువైపు కాగితం మీద పెన్ను గీసుకుంటున్న చప్పుడు వినిపించింది.

"ఆగండి, రాసుకుంటున్నాను" అన్నాడు మురళీకృష్ణ. "ఇంకా ఏమున్నాయి?"

విజయ్ పాల్ గారు కుర్చీ లాక్కుని తాపీగా కూర్చున్నారు.

"ఆ ముక్కొకటి ఉంది బాబూ" అన్నారు.